పడుకునే ముందు నీళ్ళు

"ఇంకో సీసా కావాలా అత్తయ్యా?" అని కోడలు శ్రీరమ్య ఆటపట్టించింది. హనుమాయమ్మ నవ్వలేదు.

రాత్రిళ్ళు మాటిమాటికీ లేస్తోందంటే, పగటిదీ రాత్రిదీ మూత్రమంతా వేరువేరుగా పట్టి తెమ్మంది ఒంగోలు డాక్టరమ్మ. చూస్తే పగటికన్నా రాత్రిదే ఎక్కువ. షుగరు లేదు. గుండె, మూత్రపిండాలు బాగానే ఉన్నాయి.

"పగలు నీళ్ళు తాగవా పెద్దమ్మా?"

"మిరపచేలో ఆడాళ్ళకి చాటెక్కడుందమ్మా? ఇంటికొచ్చాకే."

డాక్టరమ్మ ఆమె చీలమండ దగ్గర వేలితో నొక్కింది. గుంట పడి అట్లాగే ఉండిపోయింది.

"పగలంతా నిలబడితే నీరు కాళ్ళలోకి దిగుద్ది. పడుకోగానే రక్తంలోకి ఎక్కి మూత్రమై పోద్ది. పైగా సాయంత్రం తాగే నీళ్ళొకటి. పగలు కొంచెం కొంచెం తాగు. మధ్యాహ్నం కాసేపు కాళ్ళు ఎత్తు మీద పెట్టుకో. పొద్దుగూకాక మాత్రం తగ్గించు."

మొదటి రెండూ చేసింది. కాళ్ళ వాపు తీసింది. లేవడం మాత్రం తగ్గలేదు. లేచిన ప్రతిసారీ దొడ్డి గుమ్మంలో నిలబడి, కాయలు ఆరబోసే కళ్ళం వైపు చెవి ఒగ్గి, ఊపిరి బిగబట్టేది. చీకట్లో మిరపకాయల ఘాటు తప్ప ఏమీ ఉండేది కాదు. అయినా అక్కడ ఎవరో తనకోసం చూస్తున్నట్టే ఉండేది.

పోయిన పంటకి ఆ కళ్ళంలోనే, కాయల రాశి పక్కన కాపలా పడుకున్న భర్త బుల్లయ్య తెల్లారేసరికి ప్రాణాలతో లేడు. ఆ రాత్రి ఆమెకి మెలకువ రాలేదు.

ఒక సాయంత్రం దీపాలు పెట్టే వేళ, కుండ దగ్గర చెంబు మీద చెంబు తాగుతున్న అత్తని శ్రీరమ్య పట్టుకుంది.

"డాక్టరు వద్దంది కదా! కావాలనే తాగుతున్నారా?"

"తాగకపోతే మెలకువ రాదమ్మాయ్. ఆయన పిలిస్తే ఎట్టా వినపడుద్ది?"

శ్రీరమ్య కుండ మీద మూత పెట్టింది.

"ఆ రాత్రి మామయ్య పిలిచారని ఎవరు చెప్పారు అత్తయ్యా?"

"ఎవరూ చెప్పలా. పిలిచే ఉంటాడు."

"పక్క కళ్ళంలో మాలిక్ బాబాయి మేలుకునే ఉన్నాడంట. మా ఆయన అడిగాడు. ఏ కేకా వినపళ్ళేదన్నాడు. నిద్దట్లోనే పోయారు."

హనుమాయమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. పిలవకుండానే పోయాడన్న మాట ఊరటో, ఇంకో దెబ్బో ఆమెకి తెలియలేదు.

"నన్ను పిలవాలనిపించలేదా ఆయనకి?" అంది చివరికి.

శ్రీరమ్య పక్కన కూర్చుంది.

హనుమాయమ్మ చెంబులో నీళ్ళు సగం దొడ్లో పారబోసింది. మిగతా సగం తాగింది.