పేజీ తిప్పే మనిషి

మా గుడిలో ఆర్గన్ పక్కన పాతికేళ్ల పైన నిలబడ్డాను నేను. మా ఆయన వాయిస్తుంటే పేజీలు తిప్పడం నా పని. ఆయన గడ్డం కిందికి దించితే తిప్పాలి, అంతే. జనం మాత్రం నాకూ నొటేషన్ వచ్చనే అనుకునేవారు. "మాస్టారికి తగ్గ ఇల్లాలండీ సువార్తమ్మగారు" అని మురిసిపోయేవారు. నాకు ఆ అయిదు గీతల మీద ఉన్నవన్నీ చీమలే.

రాజోలు చుట్టుపక్కల ఎంతమంది పిల్లలకో సంగీతం నేర్పిన ఏసుదాసు మాస్టారు, కట్టుకున్నదానికి మాత్రం ఒక్క ముక్క నేర్పలేదు. అడిగితే "నీకెందుకే, నేనున్నాను కదా" అనేవారు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

డెబ్భై తొమ్మిది వానాకాలంలో ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, మాట రెండూ పోయాయి. గుడిలో ఆర్గన్ మీద గుడ్డ కప్పేశారు. నొటేషన్ చదవగలిగిన శిష్యులంతా ఉద్యోగాలకని విశాఖపట్నం, మద్రాసు పోయారు. మిగిలింది పాటల బృందాన్ని నడిపే జోజి ఒక్కడే. అతను హార్మోనియం మీద విని వాయిస్తాడు గానీ, ఆర్గన్ మీద నొటేషన్ చూసి రెండు చేతులతో వాయించడం రాదు.

వానలు వెలిశాక ఒకరోజు జోజి వచ్చి గుమ్మంలోనే నసిగాడు.

"మీరేం అనుకోకండి అమ్మగారూ. రేపెప్పుడైనా ఏదైనా అయితే... అంబాజీపేట బ్యాండు వాళ్లకి ముందే చెప్పి ఉంచితే మంచిదంటన్నారండి సంఘ పెద్దలు."

"ఆయనింకా ఊపిరి పీలుస్తన్నారు జోజీ" అన్నాను.

లోపల మంచం చప్పుడయింది. ఆయన విన్నారు. ఎడమ చేత్తో మంచం పట్టె కొడుతున్నారు, కళ్ల నిండా నీళ్లు. బాగున్న రోజుల్లో ఎన్నోసార్లు అన్న మాటే అది: "నేను పోయిన రోజున బ్యాండు మేళం పెట్టకండి. నా ఆర్గన్ మోగాలి." ఇప్పుడు అనలేరు గనక పట్టె కొడుతున్నారు.

"నేను వాయిస్తానండీ. ఇంక కొట్టకండి" అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు.

మర్నాడే మొదలుపెట్టాం. పిల్లలకి నేర్పే పాత కాలి హార్మోనియం మంచం దగ్గరికి జరిపాను. సమాధి ఆరాధనకని ఆయన ఏనాడో ఎంచుకున్న పాట ఒకే కాగితానికి అటూ ఇటూ రెండు పేజీలుంది. నేను ఒక్కో గుర్తు మీద వేలు పెడితే ఆయన ఎడమ చేత్తో దాని మెట్టు నొక్కి, ఎంతసేపు పట్టాలో పట్టె మీద కొట్టి చూపించేవారు. కాడ లేని ఖాళీ సున్నాకి నాలుగు దెబ్బలు. కాడ ఉన్న సున్నాకి రెండు. నల్లగా నిండిన గింజకి ఒకటి. ఆ గింజ కాడకి తోక కూడా ఉంటే, ఒకటి కాస్తా సగం.

"ఇదేం న్యాయమండీ? ఏమీ లేనిదానికి నాలుగా, నిండుగా ఉన్నదానికి ఒకటా?" అంటే సగం మూతితో నవ్వారు. మంచాన పడ్డాక అదే మొదటి నవ్వు.

కష్టమంతా మౌనపు గుర్తుల దగ్గరే. గీత కింద వేలాడే నల్లముక్క ఒకటి, గీత మీద కూర్చున్న నల్లముక్క ఒకటి. వేలాడేదానికి నాలుగు లెక్కలు ఆగాలి, కూర్చున్నదానికి రెండు. నా కంటికి రెండూ ఒకటే. ఆగాల్సిన చోట ఆయన పట్టె కొట్టరు, పిడికిలి బిగించి గాలిలో ఊపుతారు. నేను తొందరపడితే ఆ పిడికిలితోనే నా భుజం మీద ఒక్కటి వేసేవారు. ఆ మనిషి జీవితమంతా మా సంఘంతో పోట్లాడింది దీని గురించే. మావాళ్లు ఏ పాటనైనా సాగదీస్తారు, ఆగాల్సిన చోట ఆగరు. "అది కూడా పాటేనండీ, అక్కడ కాస్త నోరు మూసుకోండి" అని బతిమాలేవారు. ఎవరు విన్నారు గనక!

క్రిస్మసు వెళ్లేసరికి మొదటి పేజీ వచ్చింది. ఈస్టరు ముందరి శ్రమదినాలు మొదలయ్యేసరికి రెండోదీ వచ్చింది, చూస్తూ వాయిస్తేనే. మొదటి పేజీ చివర నా రెండు చేతులకీ తీరిక ఉండదు. అచ్చం ఆయనలాగే గడ్డం దించేదాన్ని. ఆయన ఎడమ చెయ్యి చాచి పేజీ తిప్పేవారు. తిప్పి, ఎలా తిప్పానన్నట్టు నావంక గర్వంగా చూసేవారు.

మట్టలాదివారం ముందురోజు ఆయన పోయారు.

"బ్యాండు వద్దు" అన్నాను జోజితో. ఆర్గన్ మీద గుడ్డ అతనే తీశాడు. నేను కూర్చున్నాక, తోడుగా, నేను అన్నేళ్లూ నిలబడ్డ చోటే నిలబడ్డాడు.

ఆర్గన్ తిత్తులు కాళ్లతో తొక్కడం మొదలుపెట్టాను. జనం ఎప్పటిలాగే సాగదీస్తున్నారు. గీత కింద వేలాడే ముక్క వచ్చింది. చేతులెత్తేశాను. ఆర్గన్ ఆగేసరికి పాడేవాళ్లు తడబడి ఒక్కొక్కళ్లే ఆగారు. నాలుగు లెక్కలు గుడంతా నిశ్శబ్దం. ఎదురుగా పెట్టెలో పడుకున్న మనిషి వీళ్లని జీవితమంతా అడిగింది ఇదే.

పేజీ చివరికొచ్చాను. గడ్డం దించాను.

పేజీ కదలలేదు.

మళ్లీ దించాను. జోజి చూశాడు. దుఃఖంలో పలకరిస్తున్నాననుకున్నాడు కాబోలు, చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా తనూ తల దించాడు.

చెయ్యి తీసి నేనే తిప్పుకోవచ్చు. అప్పుడది తోచలేదు. ఆ పెట్టెవంకే చూస్తున్నాను. వేళ్ల కింద ఉన్న స్వరానికి లెక్క అయిపోయింది. చేతులెత్తి అలాగే కూర్చున్నాను. జనం కూడా ఆగారు. కాసేపటికి వెనక వరసలో ఎవరో అందుకుంటే, ఆర్గన్ లేకుండానే మిగతా చరణాలు సాగదీసుకుంటూ పాడేశారు.

సమాధుల తోట నుంచి వస్తుంటే జోజి నా పక్కన నడిచాడు.

"బాగా వాయించేరండి అమ్మగారూ. ఆ రెండోసారి ఆపేరు చూడండి, మాకెవరికీ ఏడుపాగలేదండి. అక్కడ కూడా ఆగమనే రాసుందాండీ?"

"ఆయ్" అన్నాను.

ఎన్ని లెక్కలని అతను అడగలేదు. అడిగినా నాకు తెలియదు.