మాస్టారి దగ్గు

పాటల మాస్టారు పోయి నెల తిరక్కుండానే ఆయన భార్య కొంగు బిగించి బస్సు డిపో వెనక గదికి బయల్దేరింది. బయల్దేరదూ మరి! పోయేముందు మాట తీసుకున్నాడు మహానుభావుడు.

ఆ గదిలోనే ఆయన ఇన్నేళ్ళూ డ్రైవర్లకీ, దర్జీలకీ, ఆసుపత్రి ఆయాలకీ పాట నేర్పాడు. పేటలో ఎవరికి ఏ పాట కావాలన్నా తనే కట్టేవాడు. కాగితం మీద పెడితే ఒట్టు. "నేను పాడతాను, మీరు పట్టుకోండి," అనేవాడు. వాళ్ళదీ ఉడుంపట్టే. చివరి పాట నేర్పేనాటికి ఆయన ఊపిరితిత్తులు చెడ్డాయి. రెండో చరణం మధ్యలో ఆగి, దగ్గి, దమ్ము తీసుకుని మిగతాది అందుకునేవాడు. వీళ్ళు ఆ ఆగడం కూడా పాటలోదే అనుకున్నారు. దగ్గు కూడా నేర్చుకోలేదు, అంతవరకు నయం.

మంచం పట్టాక వాళ్ళొచ్చి పాడి వినిపిస్తే గాని ఆయనకి తెలియలేదు. వాళ్ళు వెళ్ళాక గోడవైపు తిరిగిపోయాడు.

"నా జబ్బుని పాటలో పెట్టేశానే. అసలుది నువ్వు వంటింట్లో విన్నావుగా, నువ్వే సరిచెయ్యి."

ఆ గొంతు విని కాదనడం ఆమె తరం కాలేదు.

డిపో వెనక గదికెళ్ళి ఆ ఆగడం తీసెయ్యమనగానే, "మాస్టారు ఇలాగే నేర్పారు పిన్నీ," అన్నాడో డ్రైవరు మొండిగా.

"ఆయన నేర్పింది పాటరా, దగ్గు కాదు. నోర్మూసుకుని నాతో పాడు."

నోర్మూసుకుని ఎలా పాడతారో ఆమెకే తెలియాలి. పైగా ఆమెది కాకిగొంతు. అయినా వదల్లేదు. అక్కడికి రాగానే అందరూ టక్కున ఆగేవాళ్ళు, ఆమె తల బాదుకునేది. చివరికి ఒక సాయంత్రం ఆ చరణం ఎక్కడా తెగకుండా సాగిపోయింది. ఎంత బాగుందో! ఆయన పొయ్యి పక్కన నిలబడి మొదటిసారి పాడినట్టే ఉంది.

"హమ్మయ్య, గట్టెక్కాం పిన్నీ!" అని నవ్వాడు దర్జీ.

ఆమె నవ్వలేదు. ఇన్నాళ్ళూ పాట ఆగినప్పుడల్లా ఆయన అక్కడే నిలబడి దమ్ము తీసుకుంటున్నట్టుండేది. ఇప్పుడా చోటు లేదు. తన చేత్తో తనే పూడ్చేసింది. బెంచీ మీద కూలబడి బావురుమంది.

"ఏమైంది పిన్నీ? తప్పు పాడామా?"

"లేదురా, బాగానే పాడారు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆయనకిచ్చిన మాట సంగతి నేను చూసుకుంటాను. మళ్ళీ మొదట్నుంచి పాడండి. అక్కడ మాత్రం ఆగండి. పాపం, ఆయన్ని కాస్త ఊపిరి తీసుకోనివ్వండి."