రోడ్డెక్కిన బల్ల

ప్రతి నెలా మొదటి ఆదివారానికి ముందురోజు సాయంత్రం పాస్టర్ సత్యానందం, ఆయన భార్య కరుణమ్మ కలిసి మందిరంలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల తుడిచేవాళ్లు. ఆయన తడిగుడ్డతో ముందు నడిస్తే ఆవిడ పొడిగుడ్డతో వెనక వచ్చేది. తర్వాత తెల్లగుడ్డ పరిచేవాళ్లు. కొన్ని నెలల్లో ఆ గుడ్డ చివర మూరెడు చాలేది కాదు.

"ఈ నెల ఎవరికిచ్చారండీ బాప్తిస్మం?"

"ఏసుపాదం కోడలికి."

"అదీ సంగతి" అని ఆవిడ పాత పంచె ముక్క ఒకటి తెచ్చి అక్కడే చాప మీద కూర్చుని అతుకు వేసేది.

చల్లపల్లి దాటి సముద్రం వైపు పోయే రోడ్డు పక్కన, కాలువ గట్టు కింద ఉన్న ఆ పాలెంలో బల్ల పెరగడం ఎవరికీ వింత కాదు. మందిరం తాటాకు పాకగా ఉన్న రోజుల్లో రత్తయ్య అనే పడవల వడ్రంగి, పాడైన పడవ చెక్కలతో దాన్ని మోకాలెత్తున చేసిపెట్టాడు. అప్పుడది నలుగురు మోకరించేంతే. తర్వాత కాలువలో మునిగి లేచిన ప్రతి మనిషికీ మూరెడు చొప్పున సాగింది. ఎవరు ఎవరి చెయ్యి పట్టుకుని సంఘంలోకి వస్తే వాళ్ల పక్కనే చెక్క సాగి చోటు ఇచ్చేది. బరువు ఎక్కువైన చోట కింద కాలు కూడా తనే దించుకునేది. మనిషి పోతే మాత్రం తగ్గేది కాదు. సువార్తమ్మ గారు ప్రభువు నందు నిద్రించి ఏళ్లయినా, తలుపు వైపు మొదటి చోటులో ఆవిడ మోచేతులు ఆనించిన నున్నటి పల్లాలు అలాగే ఉన్నాయి. బల్ల వెళ్లి తూర్పు గోడకి తగిలినప్పుడు గోడ పడగొట్టి మందిరం పెంచారు. సిమెంటు ఎవరిస్తారన్నదే అప్పుడు జనం మాట్లాడుకున్న విషయం.

ఇచ్చింది విజయరత్నం గారు. సువార్తమ్మ గారి ఒక్కగానొక్క కొడుకు. పాలెంలో పుట్టి, కాలువ పనుల్లో మేస్త్రీగా మొదలై, విజయవాడలో పెద్ద కాంట్రాక్టరై పటమటలో మేడ కట్టాడు. మందిరానికి శ్లాబు ఆయనదే, మైకు సెట్టు ఆయనదే, స్థలం కూడా ఆయన తండ్రి పేరు మీదే ఉంది. సంఘపెద్ద. మొదటి ఆదివారం కారులో వచ్చి తన చోటులో మోకరించి వెళ్లేవాడు. తల్లి చోటుకీ ఆయన చోటుకీ మధ్య సలోమి చోటు ఉండేది. అమ్మానాన్నా లేని పిల్లని సువార్తమ్మ గారే చేరదీసి, పాటలు నేర్పి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది మరి.

ఆ సలోమి ఇప్పుడు నలభై దాటిన మనిషి. నాట్లకి పోతుంది, స్త్రీల సమాజం నడుపుతుంది. పాట ఎత్తుకుంటే మైకు అక్కర్లేదు.

రొయ్యకి మంచి రేటున్న రోజులవి. విజయరత్నం గారు పాలెం పక్క పొలాలు కౌలుకి తీసుకుని రొయ్యల గుంటలు తవ్వించాడు. ఉప్పుటేటి నీళ్లు ఇంజన్లతో తోడి వాటిల్లో నింపాడు. వేసవి మొదలయ్యేసరికి మంచినీళ్ల చెరువులో ఉప్పు ఊరింది. అన్నం ఉప్పన, టీ ఉప్పన. పసిపిల్లలకి విరేచనాలు ఆగడం లేదు. అది చాలక, చెరువుకి రెండో పక్క కూడా గుంటలు తవ్వి, మందిరం ముందు రోడ్డుకి అడ్డంగా కందకం తీసి పెద్ద గొట్టం వేయబోయాడు. అప్పుడు సలోమి ఆడవాళ్లని తీసుకెళ్లి ఆ కందకంలో కూర్చుంది. ఊళ్లోంచి రామతులసి టీచరు వచ్చి పక్కన కూర్చుంది. మోపెడ్ మీద చేపలమ్మే కాశిం వీళ్లకి మజ్జిగ తెచ్చిచ్చి, ఎండలో తనూ అక్కడే నిలబడ్డాడు. వాళ్లవీ అవే నీళ్లు. పేపరులో సలోమి ఫొటో పడింది.

విజయరత్నం గారు ఆ పేపరు మడిచి పట్టుకుని వచ్చి, మందిరం వెనక గదిలో పాస్టరు గారి ముందు పెట్టాడు.

"చూశారా అయ్యగారూ? విశ్వాసుల మధ్య గొడవని తీసుకెళ్లి బజార్లో పెట్టింది. మన సాక్ష్యం, మన పరువు ఏమైపోవాలి? ఆమెని బల్ల దగ్గరికి రాకుండా నిలిపేయండి. సంఘం ముందు నిలబడి క్షమాపణ చెప్తే అప్పుడు చూద్దాం."

"ఏ పాపానికండీ నిలపమంటారు?"

"సంఘపెద్ద మీద తిరగబడ్డ పాపానికి."

విజయరత్నం గారు గొంతు తగ్గించాడు. "గుణదల దగ్గర కొత్త మందిరం కట్టిస్తున్నానని విన్నారుగా. పక్కనే క్వార్టర్సు, స్కూటరు. అక్కడికి మీరే పాస్టరు. అమ్మగారు ఈ ఉప్పునీళ్లు మొయ్యక్కర్లేదు. ఈ ఒక్కటీ చెయ్యండి."

క్వార్టర్సులో కుళాయి తిప్పగానే కృష్ణ నీళ్లు వస్తాయన్న సంగతి సత్యానందానికి తెలుసు. కరుణమ్మ భుజం నొప్పి కూడా తెలుసు. ఇన్నేళ్లూ శిష్యరికం గురించి ఎన్ని ప్రసంగాలు చేశాడో! వెంబడించడం అంటే ఏమిటని యవ్వనస్తులు అడిగితే ఎన్ని రకాలుగా చెప్పాడో! ఇప్పుడు చూస్తే అది పెద్ద విషయంలా అనిపించలేదు. సలోమి పక్కన కూర్చోవాలా, లేచి పోవాలా, అంతే. లేచి పోతే ఆ ప్రసంగాలన్నీ మైకు మోత.

"నేను నిలపనండీ" అన్నాడు. "చోటు ఇచ్చింది నేను కాదు. తీసెయ్యడానికి నేనెవరిని?"

"స్థలం మాదని గుర్తుందా?"

"స్థలం మీదేనండీ. సంఘం మీది కాదు."

విజయరత్నం గారి మొహం నల్లబడింది. పేపరు అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

ఆ నెల సత్యానందం, కరుణమ్మ బల్ల తుడవడానికి వెళ్లేసరికి మందిరానికి తాళం వేలాడుతోంది. వెనకున్న పాస్టరు గారి గదికి కూడా తాళమే, సామానంతా అరుగు మీద. కరుణమ్మ ఆ సామాను వైపు కాసేపు చూసి, "పిండి డబ్బా బయటే పడేశారు, నయం. రేపటి రొట్టె కాల్చుకోవచ్చు" అంది. సలోమి ఇంటికి చేరి, పొయ్యి ముట్టించి, ఆ చెరువు నీళ్లతోనే పిండి కలిపింది.

పొద్దున ఆరాధన వేళకి సంఘమంతా తలుపు ముందు చేరింది. ఊళ్లోంచి కూడా జనం వచ్చారు. రామతులసి టీచరు వచ్చింది, కాశిం వచ్చాడు, ఎన్నడూ మందిరం మెట్టెక్కని రైతులు వచ్చారు. సలోమి పిలిచిందని వచ్చారు. రోడ్డుకి అవతల విజయరత్నం గారి కారు ఆగి ఉంది. ఆదివారం ఆడవాళ్లు కందకంలో దిగరని ఆయనకి తెలుసు. గొట్టం దించడానికి మనుషుల్ని తెచ్చాడు. వాళ్లలో ఇంజను చూసే అంతోని కూడా ఉన్నాడు. వాడూ సంఘం మనిషే, తలదించుకుని నిలబడ్డాడు.

"తాళం పగలగొడదాం అయ్యగారూ" అన్నారు కుర్రాళ్లు.

"వద్దు. తాళం ఆయనది, ఉండనీ. ఆరాధన మనది, మొదలుపెడదాం. సలోమమ్మా, పాట ఎత్తుకో."

సలోమి ఎత్తుకుంది. రెండో చరణం దగ్గర లోపల చెక్క సాగుతున్న చప్పుడైంది. తలుపు కిర్రుమంది. గడియ మేకులు ఒక్కొక్కటే బయటికొచ్చి మెట్ల మీద రాలాయి, తాళం తాళంగానే ఉండి పక్కకి ఒరిగింది. తలుపులు తెరుచుకుని బల్ల మొదలు బయటికొచ్చింది. దోవలో ఉన్న చెప్పులు జనం పక్కకి తీశారు. ఎవరో ముసలాయన కూర్చున్న పిల్లల్ని "జరగండర్రా, జరగండి" అని లేపాడు. బల్ల మెట్లు దిగి, అరుగు దాటి, రోడ్డెక్కింది. ముందుగా సువార్తమ్మ గారి చోటు, దాని వెనక సలోమి చోటు, ఆ వెనక ఇవాళ కొత్తగా సాగిన చెక్క. కందకం దగ్గరికి వచ్చి, దాని మీదుగా పోయి, లోపలికి ఒక లావాటి కాలు దించి ఆగింది.

"అమ్మగారూ, గుడ్డ చాలదండీ" అంది ఒకావిడ.

"తువ్వాళ్లు ఉంటే తెండి" అంది కరుణమ్మ.

జనం రోడ్డు మీదే రెండు పక్కలా మోకరించారు. రామతులసి చేతులు జోడించుకుని ఒక చోటులో కూర్చుంది. కాశిం టోపీ సర్దుకుని ఆవిడకి ఎదురుగా కూర్చున్నాడు. రొట్టె తీసుకుంటావా అని అతన్ని ఎవరూ అడగలేదు. లేచి పొమ్మని కూడా ఎవరూ అనలేదు.

విజయరత్నం గారు కారు దిగాడు. "అంతోనీ! రంపం తీసుకురా. గొట్టానికి అడ్డమున్న కాడ కోసెయ్."

అంతోని రంపం తెచ్చాడు. కందకం మీదున్న చెక్క దగ్గర వంగి, చేత్తో తడిమి చూసి, మళ్లీ లేచాడు.

"ఇది సలోమక్క చోటండీ."

"తెలుసు. అదే కొయ్యమంటున్నా."

"కోస్తే ఆ చివర ముక్క ఊడి అవతల పడుద్దండి."

"పడితే పడనీ!"

"అది అమ్మగారి చోటండీ. మీ అమ్మగారిది."

పాట ఆగిపోయింది. విజయరత్నం గారు ఆ చివర ముక్క వైపు చూశాడు. మోచేతుల పల్లాల్లో ఎండ పడుతోంది. కందకం అంచున మోకరించిన సలోమి తన చోటు నుంచి కదల్లేదు. రంపం పళ్లు తన చేతి పక్కనే ఉన్నా చెయ్యి తియ్యలేదు.

"కొయ్యమను అన్నా" అంది విజయరత్నం గారితో. "నన్ను పిలిచింది ఆవిడే. నేను పోతే ఆవిడతోనే పోతా."

సత్యానందం రొట్టె పళ్లెం పట్టుకుని లేచి, బల్ల పొడుగునా నడిచి ఆయన ముందుకొచ్చాడు. ముక్క విరిచి చేతిలో పెట్టాడు. "తినండి. మీరు మాతో కలిసి తిని నెలైంది."

ఆయన ఏ ధ్యాసలో ఉన్నాడో నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. విజయవాడ నీళ్లకి అలవాటైన నోరది. మొహం చిట్లించుకున్నాడు.

"ఉప్పగా ఉందేంటి?"

"మా నీళ్లు అవేనండీ" అన్నాడు సత్యానందం. గొంతు పెంచలేదు, తగ్గించనూ లేదు. "రోజూ తింటున్నాం."

అంతోని రంపం కింద పెట్టి, వెళ్లి తన చోటులో మోకరించాడు. మిగతా పనివాళ్లు గొట్టం వదిలేసి గట్టు మీద కూర్చున్నారు. విజయరత్నం గారు నోట్లో ముక్క మింగలేక, ఉమ్మలేక కారెక్కాడు.

ఆ గొట్టం కందకంలో దిగనేలేదు. ఉప్పుటేటి ఇంజన్లకి చెయ్యి వెయ్యడానికి పాలెంలో మనిషి దొరకలేదు. ఆ వేసవిలోనే పాత గుంటలు ఎండి నెరలు విచ్చాయి. విజయరత్నం గారు కౌలు వదిలేసుకున్నాడని, ట్రాక్టర్లు పెట్టి గట్లు తోయించాడని అంతోని చెప్పాడు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. మందిరం తలుపుకి మళ్లీ తాళం పడలేదు. వానలు కురిసి, కాలువలు వదిలి, చెరువులోకి కొత్త నీళ్లొచ్చాయి. బల్ల మాత్రం వెనక్కి పోలేదు. చల్లపల్లి బస్సు దాన్ని చుట్టి గట్టు వారగా పోవడం నేర్చుకుంది.

ఒక మొదటి ఆదివారం ఆయన వచ్చాడు. కారు దూరంగా ఆపి, నడిచొచ్చి, తల్లి చోటు దగ్గర నిలబడ్డాడు.

"అయ్యగారూ, నన్ను నిలిపేస్తారా?"

"మిమ్మల్ని నిలిపే అధికారం నాకుంటే, ఆవేళ సలోమిని నిలిపే అధికారం కూడా ఉండేదండీ" అన్నాడు సత్యానందం. "లేదు. మీ చోటు లోపలుంది. వెళ్లి మోకరించండి."

ఇప్పుడా చోటు మెట్లెక్కి చాలా లోపలికి పోవాలి. మధ్యలో రామతులసి, కాశిం, రైతులు, తన పేరెత్తడానికి కూడా ఇష్టపడని ఆడవాళ్లు. వాళ్లందరి ముందూ ఆయన తలవంచుకుని నడిచాడు. సలోమి ఆయన వైపు చూడలేదు, నవ్వలేదు. పళ్లెం తన దగ్గరికి వచ్చినప్పుడు ఒక ముక్క తీసుకుని, మిగతాది లోపలికి అందించింది. అది చేతులు మారుకుంటూ, గుమ్మం దాటి, ఆయన దాకా వెళ్లింది.