లెక్కలు చెప్పిన షహనాజ్

1988లో రామగిరి అవతల ఒక పల్లె హైస్కూలుకు లెక్కల సారు లేడు, సైన్సు సారూ లేడు. పదో తరగతిలో పందొమ్మిది మంది పిల్లలు. పబ్లిక్ పరీక్షకు ఐదు నెలలే ఉంది. తెలుగు చెప్పే సదయ్య సారుకు వాళ్లను చూస్తే గుండె జారిపోయేది.

ఆ తరగతిలో లెక్కలు వచ్చింది షహనాజ్ ఒక్కదానికే. లారీల మెకానిక్ కరీం కూతురు. పుస్తకం ముందేసుకుని తనంతట తానే నేర్చుకుంది.

"బిడ్డా, నీకొచ్చినయి వీళ్లకు చెప్పరాదు?" అని అడిగాడు సదయ్య సారు.

ఆమె సిగ్గుపడుతూనే ఒప్పుకుంది. రోజూ రెండు పీరియడ్లు, బడి విడిచాక మరో గంట చెప్పేది. ఎక్కాలు రాని బిక్షం చేత కూడా వర్గమూలాలు చేయించింది.

సైన్సుకు సారు ఒక గైడు కొనిచ్చాడు. పిల్లలంతా వంతులవారీగా ఇంటికి తీసుకెళ్లేవాళ్లు. షహనాజ్ తన వంతు వచ్చిన ప్రతిసారీ, "నేను తర్వాత చదువుత సార్, ముందు వాళ్లను చదవనియ్యిండ్రి" అనేది. మంచి పిల్ల అని మురిసిపోయాడే గాని, మందలించలేదు సారు.

ఫలితాలు వచ్చాయి. కిందటేడు ముగ్గురు పాసైన బడిలో ఈసారి పదకొండు మంది. బిక్షం కూడా గట్టెక్కాడు. పాసైనవాళ్లలో షహనాజ్ నంబరు లేదు. లెక్కల్లో తొంభై ఆరు, సైన్సులో ఇరవై ఎనిమిది.

సదయ్య సారు వాళ్లింటికి వెళ్లాడు. తల్లి కుబ్రా బేగం స్టూలు వేసి, "రెండు దినాలాయె సార్, ముద్ద ముడ్తలేదు" అంది.

"అక్టోబర్ల మళ్ల రాయి బిడ్డా."

షహనాజ్ తలెత్తింది. "సైన్సు ఎవలు చెప్తరు సార్?"

చెప్పేవాళ్లెవరూ దొరకలేదు. అయినా ఆమె రాసింది. పాసుకు రెండు మార్కులు తక్కువయ్యాయి. ఆ తర్వాత పుస్తకాలు ముట్టుకోలేదు. గోదావరిఖనిలో జాకెట్లు కుట్టే దుకాణంలో పనికి కుదిరింది.

బడికి మాత్రం పైనుంచి మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. హెడ్మాస్టరు దాన్ని చూపిస్తూ, "లెక్కల సారు ఈ యేడు గూడ రాలే. ఆ పిల్లనే మళ్ల పిలువు సదయ్యా" అన్నాడు.

"ఏ మొకం పెట్టుకొని పిలువాలె సార్?"

వరండాలోకి వచ్చి, పిల్లలు చూస్తున్నా ఆపుకోలేక, సదయ్య సారు ఏడ్చాడు.