అడుగుబల్ల

ప్రేమ్‌చంద్ చిన్న పడవకు కావలసినవన్నీ రెండేళ్లుగా ఇంట్లో పోగేస్తున్నాడు. పర్చూరు నల్లరేగడిలో పడవేమిటని నవ్వినవాళ్లతో, కొమ్మమూరు కాలువ ఉందిగా అనేవాడు. చీరాల నుంచి రాగి మేకులు, నీరు చొరకుండా పూయడానికి గుగ్గిలం తెచ్చాడు. చెక్కపనికి పాత బాడిస, చిత్రిక, బర్మా సంపాదించి సానబట్టించాడు. చెక్కల సందుల్లో కూరడానికి సొంత చేలో పత్తే ఒక సంచి పక్కన పెట్టాడు. లేనిదల్లా అడుగుబల్ల. అతుకు లేని ఒకే చెక్క, అదీ బాగా ఆరిన పాత టేకు అయితేనే నీటికి ఆగుతుందని వడ్రంగి ఆదాం చెప్పాడు.

అలాంటి బల్ల ప్రేమ్‌చంద్‌కు తెలిసినంతలో ఒక్కటే ఉంది. ఏడాదిగా అతని తల్లి వెంకటేశ్వరమ్మ లేవలేక దాని మీదే పడుకుని ఉంది. అది ఆమె మంచం.

బోరు వేయించబోయి, కోళ్లఫారం పెట్టబోయి మధ్యలో వదిలేసిన కొడుకును ఆమె ఏనాడూ తిట్టలేదు. నవ్వేది. రాగి మేకులు చూసినప్పుడు కూడా, "ఈసారి మేకుల దాకా వచ్చావన్నమాట," అని నవ్వింది.

రెండువేల మూడు జనవరిలో ఆమెకు జ్వరం తగిలి ఊపిరి గురగురలాడింది. డాక్టరు రెండు రోజులకు మించి బతకదన్నాడు. నల్లపాడు నుంచి ప్రేమ్‌చంద్ అక్క సుబ్బరావమ్మ వచ్చింది. మంచం మీద ప్రాణం పోతే ఆ మంచాన్ని ఇంట్లో ఉంచరు. తండ్రి పోయినప్పుడు జంట మంచాల్లో ఒకటి అలాగే గడప దాటింది. అందుకే చివరి ఘడియల్లో మనిషిని కిందికి దించుతారు. ప్రేమ్‌చంద్ పొద్దుట్నుంచీ తల్లి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూనే ఉన్నాడు. అది భయమే అనుకున్నాడు. మధ్యాహ్నానికి దించుదామన్నాడు.

సుబ్బరావమ్మ తల్లి అరికాళ్లు పట్టుకు చూసింది. "వెచ్చగానే ఉన్నాయి కదరా. అప్పుడేనా?"

"ఆలస్యమైతే మంచం మీదే పోద్ది. నాన్నకి అలాగే అయిందిగా."

అక్క చాప పరిచింది. ఇద్దరూ కలిసి చాప మీదికి దించారు. తల నేలకు ఆనుతుండగా వెంకటేశ్వరమ్మ కళ్లు తెరిచి, కొడుకు భుజం మీదుగా ఖాళీ మంచాన్ని చూసింది. సాయంత్రంలోగా అతను బల్లను విప్పి పెరట్లో పెట్టాడు.

నాలుగో రోజుకు జ్వరం దిగింది. ఆమె గంజి తాగింది. సుబ్బరావమ్మ తమ్ముడి ముఖం చూడకుండా ఊరెళ్లిపోయింది. గచ్చు చలికి వెంకటేశ్వరమ్మకు దగ్గు పట్టుకుంది.

"మంచమెక్కించరా. చలేస్తుంది."

"కోసేశానమ్మా, పడవకి."

ఆమె నవ్వుతుందేమోనని చూశాడు. నవ్వలేదు.

"నా చెవులు బానే ఉన్నాయిరా. రంపం చప్పుడు వినపళ్లేదే."

నిజమే. నాలుగు రోజులుగా బల్ల చుట్టూ తిరుగుతున్నాడే గాని, ఎక్కడ కోయాలో కొలవనైనా లేదు. ఇప్పుడు తెచ్చి బిగిస్తే పావుగంట పని. అతను పెరట్లోకి పోయి రంపం అందుకున్నాడు. గీత గీయలేదు. బల్ల నడిమధ్యన పెట్టి లాగాడు. లోపల దగ్గు ఆగింది. సగానికి వచ్చాక కూడా వదల్లేదు. రెండు ముక్కలూ విడిపడ్డాక చూస్తే, ఏదీ పడవకు చాలదు, మనిషికీ చాలదు.

రంపం చేత్తో పట్టుకునే లోపలికి వచ్చి, తల్లి మీదికి వంగి, "విన్నావా?" అని అడిగాడు.