కారులో నల్ల కవరు

రేణు కారులో కూర్చుని దొంగతిండి తింటోందట. పక్కింటి శేషమ్మగారు కిటికీలోంచి కళ్లారా చూశారట. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, ఇంజన్ ఆపి, నల్ల కవర్లో మొహం పెట్టి ఎంతసేపటికీ తలెత్తలేదట. "బిర్యానీయే అయ్యుంటుంది, అంత పొట్ట ఊరికే వస్తుందా" అన్నారట. శేషమ్మగారు ఎదురింటి మైత్రికి చెబితే, మైత్రి గుడిలో ప్రసాదం లైన్లో నిలబడి రేణు మొగుడు శశికాంత్ చెవిన వేసింది.

"నేను చెప్పానని అనకండి అన్నయ్యా. తన హెల్త్ కోసమే."

అమెరికాలో, హెర్న్‌డన్‌లో, ఆ వరస ఇళ్లకి గోడలు పలచన. మాటలకైతే గోడలే లేవు.

శశికాంత్‌కి తల కొట్టేసినట్టయింది. పెళ్లాం లావని కాదు, అది పెళ్లినాటి నుంచీ ఎరిగిందే. ఇంట్లోనేమో రెండు ముద్దలకే కంచం తోసేస్తోంది, కడుపు నిండిపోయిందంటోంది, నొప్పంటోంది. ఇదన్నమాట సంగతి అనుకున్నాడు.

ఆ వారమే డాక్టర్ అపాయింట్‌మెంట్. రేణు నెలల తరబడి ఎదురుచూసి సంపాదించుకున్నది. స్కాన్ ఎలా అడగాలో దారిపొడవునా పెదాలు కదుపుతూ వల్లె వేసుకుంది.

డాక్టరు తెల్లాయన, నవ్వుమొహం. ముందు ఆమె బరువు చూశాడు, ఆ తరవాత ఆమెని చూశాడు. తిండి తగ్గింది, పొట్ట మాత్రం పెరుగుతోంది, నొప్పి ఆగడం లేదు, స్కాన్ తీయించండి అందామె. తిండి తగ్గితే పొట్ట ఎలా పెరుగుతుందన్నట్టు ఆయన కనుబొమలు లేచాయి. మీ వంటలన్నీ అన్నమూ నెయ్యీయే కదా అని నవ్వాడు. శశికాంత్ కూడా నవ్వాడు. ఇండియన్లంతా ఇంతే, అబద్ధాలాడతారు అనుకుంటాడేమోనని లోపల చచ్చేంత సిగ్గు. కుర్చీలో ముందుకు వంగి, తన కంటితో చూసినట్టే, "కారులో దాచుకుని తింటుంది డాక్టర్" అని ఇంగ్లీషులో చెప్పేశాడు.

రేణు మొగుడి వంక తిరిగింది. ఆమె నోరు తెరిచేలోగానే, నిజం చెప్పినందుకు డాక్టరు శశికాంత్‌కి థాంక్స్ చెప్పాడు. స్కాన్ మాట మళ్లీ రాలేదు. డైటీషియన్‌ని కలవమని, రోజూ నడవమని పంపేశాడు.

ఆ తరవాత రేణు నొప్పి ఊసెత్తలేదు. శశికాంత్ బియ్యం బస్తా గరాజ్‌లోకి మార్చాడు. తెల్లారగానే ఆమెని లేపి పార్కు చుట్టూ నడిపించాడు. ఆమె బుగ్గలు పీక్కుపోయాయి, గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. పొట్ట మాత్రం అలాగే ఉంది. "మొగుడంటే అలా వెనకాల పడాలి" అని శేషమ్మగారు మెచ్చుకుంటే శశికాంత్ ఛాతీ ఉబ్బింది.

ఒక ఆదివారం ఇండియన్ స్టోర్లో కరివేపాకు ఏరుతూ రేణు కూలబడింది. ఎమర్జెన్సీలో ఆమె ఏం తింటుందని ఎవరూ అడగలేదు, నేరుగా స్కాన్‌కి తోసుకెళ్లారు. ఇన్సూరెన్స్ కార్డు కోసం శశికాంత్ ఇంటికెళ్లి ఆమె కారు తలుపు తీశాడు. పక్క అరలో మడతపెట్టిన నల్ల కవర్లు, అల్లం బిళ్లలు, టిష్యూలు. మెతుకన్నది లేదు. సీటు కింద ముడేసిన కవరు ఒకటి. ముడి విప్పక్కర్లేకపోయింది, వాంతి వాసన కారంతా ఉంది.

తిరిగొచ్చేసరికి, కాలేజీ నుంచి పరుగున వచ్చిన కూతురు అవని తల్లి కాళ్ల దగ్గర కూర్చునుంది. అండాశయంలో గడ్డ, కడుపంతా పాకింది అని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. ఇంతకుముందు ఎవరికీ చెప్పలేదా అని అడిగింది.

"నాకు తెలీదు డాక్టర్" అన్నాడు శశికాంత్. మంచం వైపు తిరిగి, తెలుగులో, "ఇంత బాధ పడుతూ నోరు విప్పి చెప్పొచ్చు కదా, రేణూ" అన్నాడు.

"చెప్పానండీ. డాక్టరు ముందే చెప్పాను. మీరు శేషమ్మగారి మాట చెప్పారు."