కొమ్మలు కలిసేదాకా

నేను ఒక మోకును. కోనసీమలో కొబ్బరి పీచుతో నన్ను పేనారు. పదేళ్లు పడవల్ని రేవుకు కట్టేసే కొలువు చేశాను. ముసలిదాన్నయ్యానని ఒడ్డున పడేస్తే, గట్టి తాడు వెతుక్కుంటూ వచ్చిన అటవీశాఖ బీటు అధికారి సత్యవేణి నన్ను మన్యానికి తీసుకుపోయింది. చేపల కంపు కొట్టే నన్ను జీపులో పక్కనే పెట్టుకున్న మనిషిని అప్పుడే మొదటిసారి చూశాను.

ఆమె దిగులంతా పెద్ద అడవి ఉడుతల గురించి. ఘాట్ రోడ్డు వెడల్పు చేస్తూ అటూ ఇటూ చెట్లు కొట్టేశారు. కొమ్మల మీదుగా దాటే వాటికి దారి తెగిపోయింది. గూళ్లు ఇవతల, పళ్ల చెట్లు అవతల. నేల దిగి దాటబోయి రెండు నెలల్లో నాలుగు ఉడుతలు చక్రాల కింద పడ్డాయి. నాలుగింటినీ సత్యవేణే పూడ్చింది. మనుషులకు అంత తొందరేమిటో నాకు అర్థం కాదు. మలుపు దాటగానే బండి ఆపి తీరిగ్గా టీ తాగుతారు.

రోడ్డుకు అటూ ఇటూ ఉన్న రెండు మానులకు నన్ను బిగించి కట్టించింది. నెలలో ఒక్క ఉడుతైనా దాటకపోతే విప్పేయమన్నాడు పై అధికారి. మూడు వారాలు కాకులు తప్ప ఎవరూ రాలేదు. ఆమెకు తిండి సయించలేదు. నాకు సిగ్గేసింది.

అప్పుడు అడవిలో గస్తీ తిరిగే కొండరెడ్డి తెగ పెద్దాయన, పల్లాల కామిరెడ్డి, తలెత్తి చూసి నవ్వాడు.

"పడవని కట్టినట్టు మానుకి కట్టారేంటి మేడంగారూ? ఉడత కొమ్మ చివర్నించే దూకుద్దండి. పైగా ఇది చేపల కంపు కొడతంది."

"మరేం చేద్దాం కామిరెడ్డిగారూ?"

"కొమ్మల్లోకి లాగి కడదామండి. అడ్డతీగ చుడితే కంపూ పోద్ది."

ఆయనే రెండు చెట్లూ ఎక్కి, నన్ను కొమ్మల్లోకి లాగి కట్టి, ఒళ్లంతా విస్తళ్లకు ఆకులిచ్చే పచ్చి అడ్డతీగ చుట్టాడు. ఈ వయసులో నాకు పెళ్లికూతురి ముస్తాబు!

గడువు రెండు రోజులుందనగా, ఒక పొద్దున తల్లి ఉడుత పిల్లను నోట కరుచుకుని నా మీదికొచ్చింది. నడిమధ్యన ఆగిపోయింది. కింద లారీ హారన్ మోగింది. కదలకుండా ఉండాలని నేను పడ్డ పాట్లు నాకే తెలుసు. అది ముందుకే వెళ్లి అవతలి కొమ్మెక్కింది. సత్యవేణి కామిరెడ్డి భుజం పట్టుకుని ఏడ్చేసింది.

రెండు వానాకాలాలు గడిచాయి. ఇప్పుడు అవి రోజూ వస్తాయి, గూటికోసం నా పీచు కాస్త పీక్కుపోతాయి. నాకది ముద్దుగానే ఉంటుంది. అటూ ఇటూ కొత్త కొమ్మలు సాగి, మధ్యన రెండు బారల ఎడమే మిగిలింది. అవి కలిసిననాడు నాతో పనుండదు. కొలువు ఎప్పుడు ఊడుతుందా అని ఇంత సంతోషంగా ఎదురుచూసేది ఈ మన్యంలో నేనొక్కదాన్నే.